దాహం అడిగిన దానిమ్మ తోట

అనగా అనగా, కొండలు ఇంకా కాస్త పొట్టిగా ఉన్న రోజుల్లో, చెట్లకు నోరుండేది.

ఊరికే మాట్లాడేవి కావు. గాలి వీస్తే ఊగేవి, వాన కురిస్తే తడిసేవి, పలికేవి కావు. దాహం వేస్తేనో, నొప్పి పుడితేనో, బరువు మోయలేకపోతేనో మాత్రం నోరు విప్పేవి. ఆ రోజుల్లో తోట పెంచడం ఎంత కష్టమో ఇప్పటివాళ్ళకు తెలియదు. చెట్టు నోరు తెరిచి అడుగుతుంటే కాదని చెప్పి నిలబడాలంటే గుండె దిటవు కావాలి.

ఆ రోజుల్లోనే ఎర్రగుట్ట అని ఒక కోట ఉండేది. కోటకు దొర తిమ్మానాయకుడు. కోట బయట ఆయనకు ఒక దానిమ్మ తోట. తోటకు కాపరి గంగులప్ప అనే ముసలివాడు. తోటలోనే అతని ఇల్లు. ఇంట్లో ఉండేది అతను, అతని కోడలు సుంకమ్మ. కొడుకు దొరవారి గుర్రాలను చూసుకుంటూ కోటలోనే పడుకునేవాడు.

గంగులప్ప మనసు వెన్న.

"తాతా, దాహం" అనేది ఒక చెట్టు. గంగులప్ప లేచి ఎద్దులను కట్టి మోట తోలేవాడు. తోలుసంచి బావిలో మునిగేది, పైకి వచ్చేది, కాలువ నిండేది. "తాతా, నాకూ" అనేది పక్క చెట్టు. మళ్ళీ తోలేవాడు. పొద్దున అడిగేవి, మధ్యాహ్నం అడిగేవి, సాయంత్రం అడిగేవి. అడిగితే వస్తుందని తెలిశాక దాహం లేనివి కూడా అడగడం నేర్చుకున్నాయి.

తోట చూస్తే కళ్ళు చల్లబడేవి. ఆకు మీద ఆకు, కొమ్మ మీద కొమ్మ. కాయ కోసం చూస్తే మాత్రం మెడ నొప్పి పుట్టేది. ఉగాదికి ఒక పువ్వు, వినాయక చవితికి ఒక పువ్వు, శివరాత్రికి ఒక పువ్వు. ఆ ఒక్కటీ కాయై, కాయ ఎర్రబడేలోగా ఉడుత కొరికి పోయేది.

ఫాల్గుణ మాసంలో ఒకనాడు దొర గుర్రమెక్కి తోటకు వచ్చాడు. ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. చేతికి ఒక్క కాయ తగల్లేదు.

"ఏమోయ్ గంగులప్పా! తోటంతా ఆకులే. నన్ను కూడా మేకను అనుకున్నావా?"

"చెట్లు బాగున్నాయి కదా దొరా!"

"చెట్లు బాగున్నాయి, నీ ఎద్దులు బాగున్నాయి, నువ్వూ బాగున్నావు. బాగులేనిది నా పళ్ళెం ఒక్కటే." దొర గుర్రాన్ని వెనక్కు తిప్పాడు. "విను. వచ్చే మార్గశిర పౌర్ణమికి మళ్ళీ వస్తాను. కోస్తే రసం కారే కాయ నా చేతిలో పెట్టావా, ఈ తోట నీది, నీ తరువాత నీ పిల్లలది. పెట్టలేదా, చెట్లన్నీ నరికించి ఉలవలు చల్లిస్తాను. నా గుర్రాలైనా కడుపు నిండా తింటాయి."

గంగులప్ప ఇంటికొచ్చి వసారాలో కూలబడ్డాడు. పెట్టిన సంగటి అట్లాగే చల్లారింది.

"ఒక్కొక్క చెట్టునూ ఈ చేతులతో నాటాను" అన్నాడు. "వాటి మీద గొడ్డలి పడితే నేను చూడలేనమ్మాయీ."

సుంకమ్మ సంగటి ముద్దను మళ్ళీ వేడి పులుసులో వేసి ముందుకు జరిపింది.

"ముందు తిను మామా. నువ్వు చెట్లకు చేయనిదంటూ లేదు. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అది నీకు చేతకాదు. నేను చెప్తాను."

"ఏం మాట?"

"లేదు అనే మాట."

గంగులప్పకు అర్థం కాలేదు. సుంకమ్మ చెప్పింది. ఆమె పుట్టినూరు నిండా దానిమ్మ తోటలే. అక్కడ ఏటా ఎండాకాలంలో తోటను బెట్టకు వదులుతారు. అంటే నీళ్ళు పూర్తిగా ఆపేస్తారు. ఆకు వాడుతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది, రాలుతుంది. చెట్టు గాఢంగా నిద్రపోతుంది. తొలకరి రాగానే ఎరువు వేసి నీళ్ళు పెడితే, దాచుకున్న బలమంతా ఒక్కసారిగా పూతలోకి తెస్తుంది.

"మీ ఊరివాళ్ళు రాళ్ళు తిని పెరిగారా ఏం?" అన్నాడు గంగులప్ప. "బావి నిండా నీళ్ళు పెట్టుకొని, నోరున్న చెట్టును ఎండబెడతారా?"

"గొడ్డలి వచ్చినప్పుడు కూడా చెట్టుకు నోరుంటుంది మామా. గొడ్డలికే చెవులుండవు."

సుంకమ్మ మోట తాడు విప్పింది. తోలుసంచిని కడిగి ఆరబెట్టి అటక మీద పెట్టింది. ఎద్దులను మేతకు తోలింది.

చైత్రం వచ్చింది. చెట్లు అడిగాయి.

"అమ్మా, దాహం."

"తెలుసు తల్లీ. ఇప్పుడు ఇవ్వను."

చెట్లకు ఆ మాట కొత్త. ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. వినబడలేదేమో అనుకొని మళ్ళీ అడిగాయి. సుంకమ్మ మళ్ళీ అదే చెప్పింది. చెప్పి ఇంట్లోకి పోలేదు. చింతకాయల బుట్ట, రోకలి తెచ్చుకొని తోట నడిమధ్య కూర్చుంది. అక్కడే చింతకాయలు కొట్టింది, అక్కడే గింజలు తీసింది, అక్కడే నారలు లాగింది. ఎండ నెత్తి మీదికి వచ్చినా లేవలేదు.

వైశాఖం వచ్చింది. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. చెట్లు మళ్ళీ అడిగాయి. ఈసారి కంచె బయటివాళ్ళకు కూడా వినబడేలా అడిగాయి.

పక్క చేనులో జొన్న మోళ్ళు ఏరుకునే ఓబక్క కంచె దగ్గరకు వచ్చింది. నోరు పెద్దదే కానీ మనసు మంచిది.

"ఏమ్మే సుంకమ్మా! నీళ్ళుండి కూడా చెట్లను చంపుతావా? ఇంక నీ మామకు పోసే గంజి కూడా ఆపేశావా ఏం?"

"మా మామ పూత పూసేటట్టుంటే అదీ ఆపేదాన్ని ఓబక్కా."

ఓబక్క నవ్వింది. కానీ ఆ మాట ఊరంతా తిరిగింది. సంతలో ఆమెను చూసి ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. చెట్ల ఉసురు తగులుతుందన్నారు. ఆమె ఉప్పు కొనుక్కొని వచ్చి మళ్ళీ తోట నడుమ కూర్చుంది.

రోహిణి కార్తె వచ్చింది. నేల పెనంలా కాలింది. ఆకులు పసుపు తిరిగి, ఒకటొకటే రాలి, తోటంతా కట్టెలే మిగిలాయి. ఇక అడిగే ఓపిక కూడా చెట్లకు లేదు. ఒకనాటి మధ్యాహ్నం ఒక్క చెట్టు మాత్రం, వినీ వినబడనట్టు, నోరు విప్పింది.

"అమ్మా, నువ్వైనా లోపలికి పో. ఎండ దెబ్బ తగులుతుంది."

అప్పుడు సుంకమ్మ చేతిలో రోకలి ఆగింది. బావి వైపు చూసింది. బావి అక్కడే ఉంది, నీళ్ళు అక్కడే ఉన్నాయి, అటక మీద సంచి ఉంది. నాలుగు అడుగులు వేస్తే చాలు. ఆమె కళ్ళు నిండాయి.

"మీకు నీళ్ళు ఆపినదాన్ని" అంది. "మీ ముందు నుంచి లేచి ఎట్లా పోతాను?"

కొంగు తల మీద కప్పుకొని, అక్కడే కూర్చుంది.

గంగులప్ప మాత్రం ఓర్చుకోలేకపోయాడు. తోట వాకిలి దగ్గర ఒక చెట్టుంది. కొడుకు పుట్టిన ఏడు నాటిన చెట్టు. అది "తాతా" అని పిలిచినప్పుడల్లా ముసలివాడి ప్రాణం విలవిల్లాడేది. మొదట తాను తాగే చెంబులో సగం దాని వేళ్ళ దగ్గర పోశాడు. తరువాత చెంబంతా పోశాడు. తరువాత కోడలు సంతకు పోయినప్పుడల్లా కడవతో మోశాడు. సుంకమ్మ ఆ తడి నేల చూసింది. అన్ని చెట్లకు లేదు అని చెప్పిన మనిషి, ముసలివాడికి మాత్రం చెప్పలేకపోయింది.

మృగశిర కార్తె వచ్చింది. నైరుతి వైపు మబ్బు కట్టింది. సుంకమ్మ లేచి నడుము బిగించింది. ఎండు కొమ్మలు కత్తిరించింది. చెట్టు చెట్టుకూ పాదు తవ్వింది. గొర్రె ఎరువు వేసింది. అటక మీది సంచి దించింది, ఎద్దులను కట్టింది.

"ఇప్పుడు తాగండి" అంది.

ఆ రోజు మోట చప్పుడు ఊరంతా విన్నది. నీళ్ళు కాలువ వెంట పోతుంటే నేల గుటకలు వేసింది. చెట్లు ఏమీ అనలేదు. తాగుతూ ఉన్నవాళ్ళు మాట్లాడరు కదా!

ఆషాఢంలో కట్టెల్లా ఉన్న కొమ్మలకు చిగురు, చిగురుతో పాటు మొగ్గ. ఒక చెట్టుకు కాదు, ఒక వరుసకు కాదు. తోటంతా ఒకేసారి ఎర్రగా, కుంకుమ భరిణెలు వేలాడదీసినట్టు పూసింది. ఓబక్క కంచె దగ్గర నిలబడి నోరు మూయడం మరిచిపోయింది.

వాకిలి చెట్టు మాత్రం పచ్చగా, గుబురుగా నిలబడి ఉంది. దానికి ఒక్క మొగ్గ లేదు.

"ఏం తల్లీ, నీకేమైంది?" అని గంగులప్ప దాన్ని అడిగాడు.

"నాకేం తాతా, హాయిగా ఉన్నాను" అంది చెట్టు. "పూయాలని గుర్తే రాలేదు."

గంగులప్ప తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి కోడలి పనికి అడ్డు రాలేదు. కానీ పని అయిపోలేదు.

శ్రావణంలో పూత పిందె కట్టింది. ఎక్కడ చూసినా గుత్తులే. ఒక్కొక్క సన్నకొమ్మకు నాలుగేసి, అయిదేసి పిందెలు ఇరుక్కొని కూర్చున్నాయి. సుంకమ్మ బుట్ట తీసుకొని బయలుదేరింది. గుత్తిలో బలమైనదాన్ని ఉంచి, చిన్నవాటిని తుంచుతూ పోయింది.

"అమ్మా, నా పిల్లలు!" అని చెట్లు కేకపెట్టాయి.

కంచె మీద కూర్చున్న ఆడ చిలుక ముక్కు విప్పింది. "ముందు నీళ్ళు, ఇప్పుడు పిందెలు. ఇంక మిగిలింది వేళ్ళే. అవి ఎప్పుడు పీకుతావు సుంకమ్మా?"

"పోయినేడు ఎన్ని గుడ్లు పెట్టావు?" అంది సుంకమ్మ చేయి ఆపకుండా.

"అయిదు."

"ఎగిరినవెన్ని?"

చిలుక కాస్త ఆలోచించి, "అది మా ఇంటి సంగతి" అని ఎగిరిపోయింది.

సుంకమ్మ చెట్టు కాండం మీద చేయి వేసింది. "అన్నిటినీ ఉంచితే అన్నీ నిమ్మకాయంత అయి, కొమ్మ విరిగి, ఉన్నవి కూడా పోతాయి. ఒక్కదాన్ని నిండుగా పెంచు తల్లీ. నేను తోడుంటాను." చెట్టు ఏడుస్తూనే ఊరుకుంది. బుట్ట పట్టుకున్నది గంగులప్పే. పిందె తుంచిన ప్రతిసారీ ముసలివాడు కళ్ళు మూసుకున్నాడు. బుట్ట మాత్రం వదల్లేదు.

భాద్రపదం, ఆశ్వయుజం పోయాయి. ఇప్పుడు నీళ్ళు ఆపలేదు. అట్లాగని అడిగినంత పెట్టనూ లేదు. వేళకు, ఒకే తీరుగా పెట్టింది. ఎండిన చెట్టుకు ఒక్కసారిగా నీళ్ళు ముంచెత్తితే కాయ పగులుతుందని ఆమెకు తెలుసు.

కార్తీకం చివరికి కాయలు ఎర్రబడ్డాయి. పిడికిలి దాటి పెరిగాయి. కొమ్మలు నేలకు వంగాయి.

"అమ్మా, మోయలేకున్నాం. కోసెయ్" అన్నాయి చెట్లు.

"ఊతం పెడతాను. కోయను" అంది సుంకమ్మ. పంగల కర్రలు కొట్టుకొచ్చి కొమ్మ కొమ్మకూ కింద నిలిపింది.

ఎర్రని కాయలు దూరానికి కూడా కనబడ్డాయి. దారిన పోయేవాళ్ళు చూశారు. మాట కోటకు చేరింది. "తోట నిండా పళ్ళు దొరా! ఆ కోడలు ఒక్కటి కూడా తెంపడం లేదు. మీకు చూపకుండా అమ్ముకుంటుందేమో!"

దొర ఆగలేదు. అమావాస్య దాటిన రెండో నాడే గుర్రమెక్కి వచ్చాడు. వెనక గొడ్డళ్ళు పట్టుకొని నలుగురు మనుషులు. గుర్రాల వెంట సుంకమ్మ మొగుడు కూడా తలవంచుకొని వచ్చాడు.

దొర దిగీ దిగగానే చేతికందిన ఎర్ర కాయ తెంపాడు. బాకుతో కోశాడు. లోపల గింజలు తెల్లగా, పాలిపోయి ఉన్నాయి. నోట్లో వేసుకున్నాడు. మొహం వంకర తిరిగింది. ఉమ్మేశాడు.

"పైన ఎరుపు, లోపల పులుపు! ఇదేనా ఏడాది పొడుగునా పండించింది? ఊఁ, గొడ్డళ్ళు ఎత్తండి!"

సుంకమ్మ వచ్చి మొదటి చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"దొరా, మీరు పౌర్ణమి అన్నారు. ఇంకా నెలవంక కూడా సరిగా పొడవలేదు."

"పౌర్ణమికి ఈ పులుపు తీపి అవుతుందా?"

"చెట్టు మీదున్నవి అవుతాయి. మీ చేతిలోది ఇక కాదు."

"ఎందుకు కాదు? మామిడికాయ కోసి గడ్డిలో వేస్తే మాగడం లేదా?"

"మామిడి మాగుతుంది దొరా. దానిమ్మ మాగదు. తెంపిన నాడు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. దీనికి తీపి చెట్టు ఇవ్వాల్సిందే. కావాలంటే ఆ చిలుకను అడగండి."

కంచె మీద చిలుక ఉంది. దొరకు చిలుకను అడగడం నామోషీ అనిపించింది. అయినా అడిగాడు.

"ఏమే చిలకా, ఇన్ని పళ్ళున్నాయి. ఒక్కదాన్నైనా కొరికావా?"

"పచ్చిదాన్ని కొరకడానికి నేనేం దొరనా?" అంది చిలుక.

గొడ్డళ్ళవాళ్ళు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. దొర మొహం కందగడ్డ అయింది. మాట మార్చడానికి చుట్టూ చూశాడు. వాకిలి దగ్గర పచ్చగా, గుబురుగా ఉన్న చెట్టు కనబడింది.

"చూడు, అది చెట్టంటే! మిగతావన్నీ బక్కచిక్కి కర్రల మీద వాలి ఉన్నాయి. కరువు రోగులను తెచ్చి నిలబెట్టినట్టుంది. నీ చేతిలో పడి ఈ తోట నాశనమైంది. ఆ చెట్టును పెంచినవాడెవడో పిలవండి. వాడికి అప్పజెప్తాను."

అందరూ గంగులప్ప వైపు చూశారు. తోట ఇప్పుడు అతనికే దక్కేది. నేనే దొరా అని చెప్పి ఊరుకుంటే చాలు. గంగులప్ప ముందుకు వచ్చాడు.

"దాన్ని పెంచింది నేనే దొరా. అందుకే దానికి కాయ లేదు. ఒక్కటి వెతికి చూపించండి, నా తల తీయండి."

దొర దగ్గరికి పోయి చూశాడు. కొమ్మలు పక్కకు తోసి చూశాడు. ఆకుల కింద ఆకులే ఉన్నాయి.

"నా కోడలు లేనప్పుడు దీనికి దొంగతనంగా నీళ్ళు పోశాను" అన్నాడు గంగులప్ప. "అది అడిగిందల్లా ఇచ్చాను. అది నాకు ఆకులు ఇచ్చింది. తక్కినవి అడిగితే నా కోడలు ఇవ్వలేదు. అవేం ఇచ్చాయో మీ కళ్ళ ముందుంది. ఎవరికి అప్పజెప్తారో మీ ఇష్టం."

దొర చాలాసేపు గడ్డం సవరించుకున్నాడు. కోపం ఇంకా ఉంది. కానీ పౌర్ణమి అన్నది తన నోరే.

"పౌర్ణమికి వస్తాను" అన్నాడు. "గొడ్డళ్ళు కూడా వస్తాయి."

పౌర్ణమి వచ్చింది. దొర వచ్చాడు. గొడ్డళ్ళు వచ్చాయి. ఊరు ఊరంతా వచ్చి కంచె బయట నిలబడింది.

సుంకమ్మ పొద్దున్నే స్నానం చేసి, ఒక్కొక్క చెట్టు దగ్గరకు పోయింది. గుండ్రంగా ఉండే కాయ బుగ్గలు పండిన గుర్తుగా అక్కడక్కడా పలకలు తేలి ఉన్నాయి. వేలితో కొట్టి చూసింది. కొన్ని మొద్దుగా పలికాయి. వాటిని వదిలేసింది. కొన్ని కంచు గిన్నెలా ఖంగుమన్నాయి. అవి కోసింది. మొదటి కాయ కోసి తెచ్చి దొర చేతిలో పెట్టింది.

దొర బాకు దించాడు. సగం దిగగానే కాయ తనంతట తనే విచ్చుకుంది. లోపల కెంపులు రాశి పోసినట్టు గింజలు. రసం బాకు వెంట, మణికట్టు వెంట కారి తెల్లని అంగరఖా మీద పడింది. దొర చూసుకోలేదు. ఒక గింజ తిన్నాడు. తరువాత పిడికెడు తిన్నాడు. తరువాత సగం కాయ గొడ్డళ్ళవాళ్ళ వైపు చాచాడు. వాళ్ళు చేతుల్లోవి కింద పడేసి దోసిళ్ళు పట్టారు.

"ఈ తోట మీది" అన్నాడు దొర. "మీ తరువాత మీ పిల్లలది."

సుంకమ్మ మొగుడు తల పైకెత్తాడు. కంచె బయట ఓబక్క అందరికంటే ముందు కేకవేసింది.

అంతా చల్లబడ్డాక దొర ఒక చెట్టు దగ్గరికి పోయాడు. అది కర్ర ఊతం మీద నిండు కాయలతో వాలి ఉంది.

"ఆమె నిన్ను ఎండబెట్టింది కదా" అన్నాడు. "నీ పిందెలు తుంచింది. మోయలేనంటే మోయించింది. కోపం రాలేదా?"



"కోపం తెచ్చుకుందామనే చూశాను దొరా" అంది చెట్టు. "ఎప్పుడు చూసినా ఎదురుగా ఎండలోనే కూర్చొని ఉండేది."

పిల్లలూ, నిజమైన ప్రేమ అడిగినప్పుడల్లా ఇచ్చేయదు. ఇవ్వాల్సిన వేళ వచ్చేదాకా చెయ్యి బిగబట్టుకుంటుంది, పక్కనుంచి మాత్రం కదలదు.